నిండుగా కనబడిన తొట్టి

ఇంటివాళ్ళు తాళం వేసుకుని పోయిన తోటలో రాజెవరని అడిగితే జవాబు దొరకదు. ఎవరి కొమ్మ మీద వాళ్ళు రాజులు, ఎవరి బొరియలో వాళ్ళు మంత్రులు. ఈ కథ జరిగిన పనసతోటా అలాంటిదే. ఆ తోట మధ్యలో, తామరపూల మీద మోజుకొద్దీ ఎవరో పెట్టించిన నల్ల ప్లాస్టిక్ తొట్టి ఒకటుండేది. సగం నేలలో పాతి, సగం పైకి వదిలారు. తొట్టి అన్నాను గాని చిన్నదేం కాదు, గేదె దిగి పడుకుంటే దూడకి కూడా చోటు మిగులుతుంది. వేసవికి చల్లటి ఊరేదో వెతుక్కుంటూ పోయిన ఇంటివాళ్ళు పోయేముందు దాన్ని అంచుదాకా నింపారు. తామర ఎండిపోయింది, నీళ్ళు మిగిలాయి.

ఎండాకాలంలో నీళ్ళున్న చోటికి ఎవర్నీ పిలవక్కర్లేదు. పీత సింహాద్రి వచ్చి తొట్టి అడుగున ఒండులో ఇల్లు చేసుకున్నాడు. కాకి భద్రయ్య తన బలగంతో పొద్దున్నే స్నానానికి దిగేవాడు. నక్క జంబన్న కంచె కింద సందు చూసుకుని సాయంత్రాలు వచ్చి, నాలుగు గుక్కలు తాగి, అందరినీ పేరుపేరునా కుశలమడిగి వెళ్ళేవాడు. నక్క కుశలమడిగితే ఎందుకడిగిందో ఆలోచించుకోవాలి. కాని ఆ ఎండల్లో అంత ఆలోచించే ఓపిక ఎవరికుంది?

అందరికన్నా ఆఖరున వచ్చింది కప్ప చెమ్మక్క. కాలువలు కట్టేశాక పంటబోదె ఎండిపోతే, గెంతుకుంటూ గెంతుకుంటూ ఈ తోటలో పడింది. ఆ వారంలోనే ఓ అకాలవాన కురిసింది. వాన చినుకు పడితే కప్పకి మనసు నిలుస్తుందా? తొట్టిలో గుడ్లు పెట్టేసింది. ఇప్పుడు నీళ్ళనిండా తోకలాడిస్తూ పిల్లలు. తలా తోకా తప్ప ఇంకో అవయవం లేని ఆ నల్లటి బుడతల్ని చూసి చెమ్మక్క తెగ మురిసిపోయేది. కాకిపిల్ల కాకికి ముద్దయినప్పుడు కప్పపిల్ల కప్పకి ముద్దు కాదా మరి?

అంతలో రోహిణి కార్తె వచ్చింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. రోళ్ళే పగిలే ఎండకి ప్లాస్టిక్ ఒక లెక్కా? ఎండి ఎండి పెళుసెక్కిన ఆ తొట్టి అంచు మీద ఓ మధ్యాహ్నం కొబ్బరిమట్ట దబ్బున పడింది. మట్ట పడిన చప్పుడు అందరూ విన్నారు. దాని వెనకే తొట్టి 'టప్' మన్న చిన్న చప్పుడు మాత్రం ఎవరికీ వినబడలేదు. అంచు నుంచి కిందికి వెంట్రుకంత సన్నని పగులు ఒకటి దిగింది. నేల ఇంకాస్త దూరంలో ఉందనగా, తొట్టి ఎత్తులో సుమారు సగానికి వచ్చి ఆగింది.

మర్నాడు పొద్దున చెమ్మక్క చూసేసరికి నీళ్ళు అంచుకి బెత్తెడు కిందికి పోయాయి. సాయంత్రానికి ఇంకా పోయాయి. కప్ప గబగబా అడుగుకి ఈదింది.

"బాబాయ్, నీళ్ళు పోతున్నాయి!" అంది పీతతో.

సింహాద్రి ఒండులోంచి కళ్ళు రెండూ పైకి పెట్టి చూశాడు. "పోతే పోనీవే. నాకు ఒండుంది, కాకులకి రెక్కలున్నాయి, నీకు గెంతు ఉంది. ఎవడి దారి వాడు చూసుకుంటాడు."

"నా పిల్లలకి ఏముంది బాబాయ్?"

పీత కళ్ళు రెండూ ఒండులోకి లాక్కున్నాడు. అవును, ఆ పిల్లలకి ఇంకా కాళ్ళు రాలేదు. తోక మొదట్లో ఆవగింజంత మొటిమలు మాత్రం కనబడుతున్నాయి. అవి కాళ్ళయ్యేదాకా నీళ్ళుంటే ఆ పిల్లలు తోటంతా గెంతుతారు. అంతకుముందే నీళ్ళు పోతే తొట్టి అడుగున ఎండిన గింజలైపోతారు. చెమ్మక్కకి అన్నం, నిద్ర పోయి ఇదొక్కటే ధ్యాస పట్టుకుంది.

ముందు తనకి తోచిన వైద్యం తను చేసింది. నీళ్ళు ఎటు పోతున్నాయో తెలియక, అడుగు నుంచి ఒండు తెచ్చి గోడకి లోపలి నుంచి మెత్తింది. మెత్తినంతసేపూ ఉండేది, చెయ్యి తీసేసరికి కరిగిపోయేది.

"తడి మీద తడిమట్టి నిలుస్తుందటే పిచ్చిదానా," అన్నాడు సింహాద్రి. "పైగా నా ఇంటి గోడ తవ్వేస్తున్నావు."

ఇక లాభం లేదని చెమ్మక్క అందరి దగ్గరా మొరపెట్టుకుంది. ఆ సాయంత్రం పనసచెట్టు కింద పంచాయితీ కూడింది. కూడదీసినవాడు జంబన్న. పిలవని పేరంటానికి ముందొచ్చి పీట వేసుకుని కూర్చునే రకం.

"చెల్లెమ్మ కష్టం మన కష్టం కాదా?" అన్నాడు గొంతు తడి చేసుకుని. "నాకా, తెలివి తక్కువ. చెయ్యి తిరిగినవాళ్ళు ఏది చెబితే అది మోస్తాను. భద్రయ్యగారూ, తమరే దారి చూపించాలి. ఈ తోటలో పెద్దలంటే తమరే కదండీ."

భద్రయ్య మెడ సాగదీసి, రెక్కలు సర్దుకున్నాడు. "పెద్దలంటే మేమే. మాట వరసకి కాదు. మనుషులు పోయిన తమ పెద్దల పేరు చెప్పి ముద్ద పెట్టేది ఎవరికి? మాకు. మేం ముట్టకపోతే ఇంటిల్లిపాదీ పస్తు. అటువంటి వంశం మాది. ఇక నీళ్ళంటారా, నీళ్ళు కిందికి పోతే రాయి వెయ్యాలి. రాయి వేస్తే నీళ్ళు పైకొస్తాయి. మా పిల్లలకి రెక్కలు రాకముందే నేర్పే విద్య ఇది."

"ఆహా! ఇదీ మాటంటే!" అని జంబన్న తోకతో నేల మీద కొట్టాడు.

"తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది," అని సింహాద్రి గొణిగాడు. పీత గొణుగుడు ఎవరు వింటారు?

తెల్లారేసరికి కాకులన్నీ పనిలో దిగాయి. దారి పక్క కంకర, పాత గోడ పెళ్ళలు, కుండపెంకులు, ఒక్కొక్క ముక్కూ ఒక్కొక్కటి తెచ్చి బుడుంగు బుడుంగుమని తొట్టిలో పడేశాయి. నీళ్ళు నిజంగానే పైకొచ్చాయి! మధ్యాహ్నానికి అంచుని తాకాయి. తోటంతా కావుకావుమని ఒకటే సంబరం. చెమ్మక్క అయితే భద్రయ్య కాళ్ళకి దండం పెట్టింది. అబద్ధమెందుకు, ఆ క్షణాన ఆమె కళ్ళకి ఆ నల్ల కాకి దేవుడిలాగే కనబడ్డాడు.

ఆ ఎండలో ఆమెకి ఇంకో అదృష్టం కూడా కలిసొచ్చింది. తొట్టి బయట, నేల మీద, ఓ చోట చక్కని చెమ్మ తగిలింది. గరికపోచలు రెండు పచ్చగా లేచాయి కూడా. కప్పకి అంతకన్నా ఏం కావాలి? పిల్లల్ని ఓసారి చూసుకుని, వచ్చి ఆ తడినేల మీద పొట్ట ఆన్చి కూర్చుంటే ప్రాణం లేచొచ్చేది. 'లోపల పిల్లలకి నిండుగా నీళ్ళు, బయట నాకు చల్లగా నేల. ఏ జన్మలో ఏ పూజ చేశానో,' అనుకునేది.

తెల్లారితే నీళ్ళు మళ్ళీ తగ్గి ఉండేవి. కాకులు మళ్ళీ రాళ్ళు తెచ్చేవి. నీళ్ళు మళ్ళీ అంచుకి వచ్చేవి. పక్కన నిలబడి జంబన్న, "అటు వెయ్యి తమ్ముడూ, ఆ మూల ఖాళీగా ఉంది, ఇంకోటి పెద్దది చూడు," అని పురమాయించేవాడు. ఎవరడిగినా, "మట్టం చూడండి! మట్టం తగ్గిందా?" అనేవాడు. తగ్గలేదు కదా. ఇక అడిగే నోరెవరిది?

నోరు లేనిది పిల్లలకే. పైన నీళ్ళు తళతళలాడుతుంటే, కింద రాళ్ళ సందుల్లో ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. ఓ పిల్లకి గరుకురాయి గీసుకుని తోక చివర తెగింది. చెమ్మక్క దాన్ని చూసి, 'ఇదేమిటి, నిండు తొట్టిలో ఇంత ఇరుకేమిటి?' అనుకుంటూ కిందికి ఈదబోయింది. ఈదడానికి చోటు లేదు. రాళ్ళ మధ్య నుంచి సింహాద్రి గొంతు వినబడింది.

"ఎవరది, చెమ్మా? నా ఇంటి మీద కొండ కట్టారే తల్లీ. కాలు తీసి కాలు వెయ్యడానికి లేదు. పీత కష్టాలు పీతవి అని ఊరుకున్నాను గాని, నువ్వో మాట చెప్పు. పైనుంచి చూస్తే నిండుగా ఉందంటున్నారు. అడుగు నుంచి నాకు కనబడేవన్నీ రాళ్ళే. నీళ్ళేవీ?"

"పైన ఉన్నాయి బాబాయ్, అంచుదాకా."

"అంచున జానెడున్నాయి సరే. కిందవి ఏమయ్యాయి?"

చెమ్మక్క బయటికొచ్చి అలవాటు చొప్పున చల్లటి చోట కూర్చుంది. పైన ఓ కాకి పెద్ద పెంకు తెచ్చి తొట్టిలో వేసింది. బుడుంగుమంది. ఆ వెంటనే తొట్టి గోడ మీద సన్నని గీత ఒకటి తళుక్కుమని, దాని వెంట నీళ్ళు జారుకుంటూ వచ్చి చెమ్మక్క కాలికి తగిలాయి. ఇంకో రాయి పడింది. ఇంకాసిని నీళ్ళు జారాయి.

నిప్పు మీద కాలు పెట్టినట్టు చెమ్మక్క ఎగిరి అవతల పడింది. ఇన్నాళ్ళూ తను పొట్ట చల్లగా కూర్చున్నది పిల్లల నీళ్ళ మీద. ఆ పచ్చగరిక పెరిగింది పిల్లల నీళ్ళతో. అదృష్టమని మొక్కుకున్నది పిల్లల ప్రాణాలు కారిపోతుంటే. చెమ్మక్క ఏడ్చింది. కప్ప ఏడుపు బెకబెకలాగే ఉంటుంది, అందుకే ఎవరూ ఓదార్చలేదు.

ఆ మర్నాడు పక్క వీధిలో ఎవరిదో తద్దినం. కాకులన్నీ అటు పోయాయి, తొట్టిలో ఒక్క రాయీ పడలేదు. చెమ్మక్క కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది. నీళ్ళు తగ్గాయి, తగ్గాయి, పగులు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడికొచ్చి ఆగాయి. పొద్దువాలేదాకా మళ్ళీ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. బయట నేల ఆరిపోయింది.

అప్పటికి ఆమెకి సంగతి అర్థమైంది. తొట్టిని దాని మానాన వదిలేసి ఉంటే సగం నీళ్ళు నిలిచేవి. సగం తొట్టి నీళ్ళు పిల్లలకి చాలు. రాయి వేసినప్పుడల్లా నీళ్ళు పగులు పైకి లేస్తున్నాయి, లేచినవి బయటికి పోతున్నాయి. నీళ్ళుండాల్సిన చోట రాళ్ళు కాపురం పెడుతున్నాయి. ఇలాగే సాగితే తొట్టి అంచుదాకా నిండుతుంది, చుక్క నీరుండదు.

సాయంత్రం కాకులు కడుపులు నింపుకుని తిరిగొచ్చాక భద్రయ్యకి ఈ మాట మెల్లిగా చెప్పింది.

భద్రయ్య ముక్కు తిప్పుకున్నాడు. "నూతిలో కప్పవి, నీకు పైమాటలు తెలుస్తాయా? ఈ రోజు మేం రాలేదు, నీళ్ళు తగ్గాయి. అంటే ఏమిటి? రాళ్ళు పడాలనేగా!"

"కాదండీ పెద్దయ్యగారూ, తగ్గి ఆగాయండీ. ఒక్కసారి ఆ పగులు..."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అని జంబన్న అందుకున్నాడు. "పోనివ్వండి భద్రయ్యగారూ. పిల్లల బెంగతో మతి చెదిరింది పాపం. రేపు రెండింతలు రాళ్ళు వేయించండి, చెల్లెమ్మ మనసు కుదుటపడుతుంది."

కాకులు గూళ్ళకి పోయాయి. జంబన్న పోలేదు. ఎవరూ లేరనుకుని తొట్టి అంచున ముందుకాళ్ళు ఆన్చి, ఓ కాలు రాళ్ళ మధ్య నీళ్ళలో ముంచి చూసుకున్నాడు. కాలు ఎందాకా తడిసిందో చూసి, నాలుకతో మూతి నాక్కున్నాడు. ఆకుచాటు నుంచి చెమ్మక్క ఇదంతా చూసింది. ఇన్నాళ్ళూ నీళ్ళ కొలత చూస్తున్నాడనుకుంది. వాడు చూస్తున్నది కూర కొలత. నీళ్ళన్నీ పోయిన తొట్టిలో ముసలి పీత, కప్పపిల్లలు, పిల్లల్ని వదల్లేని తల్లికప్ప ఉంటే, అది ఆకు వేసి వడ్డించిన విస్తరి కాదూ!

కాకులకి చెబితే వినరు, రాళ్ళు తియ్యడానికి తన ఒంట్లో బలం లేదు. బలమున్నవాడు ఒక్కడే, వాడు నక్క. చెమ్మక్క ఆలోచించి ఆలోచించి పీత దగ్గరికి దిగింది.

"బాబాయ్, ఓ మాటడుగుతాను, తిట్టకు. నిన్ను ఎరగా పెట్టనా?"

సింహాద్రి కత్తెరకాలు ఓసారి తెరిచి మూశాడు. "నీ పిల్లలు నా నెత్తి మీదే ఆడుకుంటారే," అన్నాడు. "పగలంతా తోకలతో చక్కిలిగింతలు. విసుక్కుంటాను గాని, అలవాటైపోయారు. కానీ. ఉడుంపట్టు ఉడుంపట్టంటారు గాని, పీతపట్టు తిన్నవాడెవడూ ఆ మాట అనడు."

మర్నాడు మిట్టమధ్యాహ్నం. నిన్నటి తద్దినం భోజనం అరక్క కాకులు పొద్దున రాళ్ళకి పోలేదు, ఎండకి దూరంగా గుబురుల్లో పడున్నాయి. జంబన్న తొందర ఆగక వేళకి ముందే వచ్చాడు. తొట్టి పక్కన చెమ్మక్క ఒక్కతే తలపట్టుకుని కూర్చుంది.

"ఏం చెల్లెమ్మా, అలా ఉన్నావు?"

"ఏం చెప్పమంటావు అన్నయ్యా. సింహాద్రి బాబాయి రాళ్ళ కింద ఇరుక్కుపోయాడు. కదల్లేడు. ఒండులో పడి ఏం తిన్నాడో గాని ఇంత లావున్నాడు, అందుకే ఇరుక్కున్నాడు."

జంబన్న చెవులు నిక్కాయి. "అయ్యయ్యో! ఎంత లావు?"

"ఎంతయితే ఏం లాభం. సాయంత్రం కాకులొస్తాయి. బాబాయి కేక పెడితే ఎక్కడున్నాడో తెలిసిపోతుంది. పీతంటే కాకులు ప్రాణం పెడతాయి కదా అన్నయ్యా, ఆ ముక్కులు సందుల్లో దూరతాయి కూడాను. ముసలాయన ప్రాణం వాళ్ళ పాలు కావాల్సిందేనా అని ఏడుస్తున్నాను."

ఆశ సిగ్గెరగదు, అందులో పోటీ ఉన్న ఆశకి ఒళ్ళు కూడా తెలియదు. ఇన్నాళ్ళు ఓపికగా వండుకున్న వంట కాకుల పాలవుతుందంటే నక్క తట్టుకోగలదా?

"నేనుండగానా?" అన్నాడు జంబన్న ఛాతీ విరుచుకుని. "చెల్లెమ్మా, పక్కకి తప్పుకో."

జన్మలో పనిచేసి ఎరగనివాడు ఆ ఎండలో తొట్టిలో దిగాడు. రాయి తర్వాత రాయి నోట కరిచి, ముందుకాళ్ళతో దొర్లించి, అవతల పారేశాడు. నాలుక జానెడు బయటికొచ్చింది. మధ్యలో ఆగినప్పుడల్లా కింద నుంచి సింహాద్రి, "అబ్బా, చచ్చానురా దేవుడా," అని నీరసంగా మూలిగేవాడు. జంబన్నకి కొత్త బలం వచ్చేది.

"ఇటు అన్నయ్యా, ఇటు. ఆ మూల పెద్దది," అని చెమ్మక్క చూపించేది. నాలుగు రోజుల కింద ఆ మాటలే ఎవరన్నారో తలుచుకుంటే ఆమెకి నవ్వొచ్చింది గాని, నవ్వే సమయం కాదు.

ఈ గోలకి కాకులు లేచి వచ్చాయి. భద్రయ్య అంచు మీద వాలి గుండెలు బాదుకున్నాడు. "ఆపండి! రాయి తీసిన కొద్దీ నీళ్ళు దిగిపోతున్నాయి, కనబడటం లేదా?"

"దిగుతున్నాయి గాని పోవడం లేదండీ పెద్దయ్యగారూ," అంది చెమ్మక్క. అంటూనే తొట్టిలోకి తొంగి చూసుకుంది. నీళ్ళు అడుగుకి దిగుతుంటే తల్లికి భయం కాదా? "తమరు ఒక్కసారి కిందికి దిగి తొట్టి బయట నేల చూడండి. తడి ఉందా?"

భద్రయ్య దిగి నేల మీద ముక్కు పెట్టి చూశాడు. దుమ్ము రేగింది.

"లోపల ఉన్న నీళ్ళన్నీ ఇన్నేనండీ. నిన్న పగులు దగ్గర ఆగినప్పుడూ ఇన్నే. తక్కింది రాళ్ళు. మొదటి రోజున్న నీళ్ళు ఏమయ్యాయంటారా, తమరు నిలబడ్డ చోట ఆ గరికనడగండి."

భద్రయ్య ఆ పచ్చగరిక వంక చాలాసేపు చూశాడు. ఆయన కాలిగోళ్ళ మధ్య ఓ రాయి ఉంది, మధ్యాహ్నం నిద్రలో కూడా దాన్ని వదల్లేదు. అది మెల్లిగా జారి నేల మీద పడింది.

అంతలో ఆఖరి రాయి లేచింది. దాని కింద ఒండులో సింహాద్రి, కాళ్ళు ముడుచుకుని, నిజంగానే లావుగా ఉన్నాడు. జంబన్న కళ్ళు మెరిశాయి. చెల్లెమ్మ, ధర్మం, పంచాయితీ అన్నీ మర్చిపోయి, ఆబగా మూతి దించాడు.

తర్వాత వినబడిన కేక పక్క తోట దాకా పోయింది. జంబన్న ముక్కు చివర సింహాద్రి తన రెండు కత్తెరకాళ్ళూ బిగించి వేలాడుతున్నాడు. నక్క తొట్టిలోంచి ఎగిరి, పనసచెట్టు చుట్టూ గిరగిరా తిరిగి, కంచె కింది సందులోంచి దూరి పరిగెత్తింది. కంచె దగ్గర సింహాద్రి పట్టు వదిలేసి, పక్కచూపులు చూస్తూ పక్కనడక నడుస్తూ తీరిగ్గా వచ్చాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు.

ఆ రోజు కాకులు కావుకావుమనలేదు. పొద్దువాలుతుంటే భద్రయ్య చెమ్మక్క దగ్గరికి నడిచొచ్చాడు. ఎగిరి రాలేదు, నడిచొచ్చాడు.

"మా పెద్దలు నేర్పిన విద్య తప్పంటావా, చెమ్మక్కా?"

"తప్పెందుకవుతుందండీ. చిల్లు లేని తొట్టికి అంతకు మించిన విద్య లేదు. దీనికి చిల్లుంది, అంతే."

ఆ మాట ఆయనకి తగలాల్సిన చోట తగిలింది, కాని నొప్పి పెట్టలేదు. రాత్రంతా ఏం ఆలోచించుకున్నాడో, పొద్దున్నే చెట్టు మీద పగిలిన పనసకాయ దగ్గర కూర్చున్నాడు. పనసబంక నీటికి కరగదని ప్రతి పిట్టకీ తెలుసు. అయినా ఏ పిట్టా దాని ఛాయలకి పోదు. వేటగాళ్ళు కొమ్మలకి పూసేది ఆ బంకే, ఓసారి అంటుకుంటే రెక్క ఊడాలి గాని బంక ఊడదు. భద్రయ్య పక్కనున్న వేపచెట్టు పళ్ళు తిని, గింజలు నలిపి ఆ నూనె ముక్కుకి దట్టంగా పట్టించుకున్నాడు. మిగతా కాకులు వద్దు వద్దని అరుస్తుంటే బంకలో ముక్కు ముంచాడు.

ఇప్పుడు పగులు ఎక్కడా నీళ్ళలో లేదు. రోహిణి ఎండ మొదటిసారి మేలు చేసి దాన్ని ఖణఖణలాడేట్టు ఆరబెట్టింది. భద్రయ్య గూటిలో పరుచుకున్న బూరుగుదూది తెచ్చి, బంకలో అద్ది, గూడు అల్లిన నేర్పంతా పెట్టి లోపలా బయటా నొక్కి నొక్కి అతికాడు. పగులు ఆగిన చోట ఆగకుండా ఇంకో బెత్తెడు కిందికి కూడా అతికాడు.

"అక్కడ పగల్లేదుగా తాతా?" అంది ఓ కుర్రకాకి.

"రేపు పగిలేది అక్కడేరా," అన్నాడు భద్రయ్య.

మిగతా కాకులు, ఇదంతా తెచ్చిపెట్టిన ఆ కొబ్బరిమట్ట ఆకుల్నే చీల్చి తెచ్చి తొట్టి మీద నీడ వేశాయి. ఆ నీడలో, అడుగున నిలిచిన నీళ్ళలో పిల్లలు బతికారు. తోక మొదట్లో మొటిమలు మెల్లిమెల్లిగా కాళ్ళయ్యాయి.

మృగశిర వచ్చింది, వాన తెచ్చింది. ఓ పగలంతా కుండపోత. తొట్టిలో నీళ్ళు సగం దాటాయి, అతుకు దాటాయి, అంచు దగ్గరికి వచ్చాయి. వానలో నేలంతా తడే, ఏ తడి ఎక్కడిదో చెప్పలేం. చెమ్మక్క తొట్టి పక్కనే కాచుకుని కూర్చుంది. వాన వెలిసి ఎండ కాసింది. మర్నాడు ఎండ, ఆ మర్నాడూ ఎండే. నీళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. తొట్టి పక్కన నేల ఆరి, గరిక కూడా వడిలింది. చెమ్మంటే ప్రాణం పెట్టే చెమ్మక్క ఆ పొడినేల మీద పొట్ట ఆన్చి కూర్చుని, ఇంత హాయి ఎప్పుడూ ఎరగననుకుంది. ఆమె నెత్తి మీదుగా, తొట్టి అంచు దాటి, మొదటి పిల్ల గెంతింది. దాని తోక చివర ఇంకా కొంచెం తెగే ఉంది.

జంబన్న ఇప్పటికీ కంచె అవతల తిరుగుతుంటాడు. వాపు తగ్గింది గాని ముక్కు మునుపటి ముక్కు కాదు. కనబడిన ప్రతి జీవినీ ఆపి, "ఆ తొట్టి నిలబడిందంటే నా చలవే. ఒక్కో రాయీ నేను ఎత్తి పారేస్తేనే బాగుపడింది, తెలుసా?" అని చెబుతాడు. నక్క జన్మలో చెప్పిన ఒకే ఒక్క నిజం అది. పాపం, ఎవరూ నమ్మరు.

నీతి: మట్టం పెంచేవాణ్ణి మెచ్చుకునే ముందు, తొట్టి బయట నేల తడిసిందేమో చూసుకోవాలి.